సూదక్కను కొలిచిన రోజు

మా బైండింగ్ షాపులో ఎవరికీ సొంత పేరు మిగలదు. కటింగ్ మెషిన్ దగ్గర నిలబడేవాడు కత్తి బావ. మైదా ఉడికించి జిగురు కలిపేవాడు జిగురు. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాన్ని పదహారు పేజీలయ్యేలా మడిస్తే దాన్ని ఫారం అంటాం, ఆ ఫారాలు మడిచే నేను మడత. నేను మడిచినవాటిని వరసగా పేర్చి, వీపు మీద దారంతో కుట్టి పుస్తకం చేసేది సూదక్క. ఆ పేరు ఆమె చేతిలో సూదిని చూసి పెట్టారో, నోటిని చూసి పెట్టారో పెట్టినవాళ్ళే చెప్పాలి.

సూదక్కకు పుట్టుకతోనే చెవులు మందం. వినికిడి మిషన్ పెట్టుకుంటుంది. గది నిశ్శబ్దంగా ఉండి, ఒక్క మనిషి దగ్గరగా కూర్చుని నిదానంగా మాట్లాడితే కొంత అందుతుంది. ఇద్దరు మాట్లాడితే అది ఆమెకు గోలే. కళ్ళు ఆ తర్వాత మొరాయించడం మొదలుపెట్టాయి. వయసులో ఉన్నప్పుడు చీకటి పడితే తలుపులకు గుద్దుకునేదట. పరధ్యానం ఎక్కువని ఇంట్లోవాళ్ళు తిట్టేవారట. తర్వాత చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వచ్చింది. ఇప్పుడు మంచి వెలుతురుంటే తాళం కంతలోంచి చూసినంత కనిపిస్తుంది. ఎదుటి మనిషి ముక్కు కనిపిస్తే చేతులు కనపడవు, చేతులు చూస్తే మొహం పోతుంది.

ఆమెతో మాట్లాడాలంటే ముందు భుజం తట్టాలి. అరచెయ్యి చాపుతుంది. అందులో వేలితో ఒక్కో అక్షరం రాయాలి, మాట అయిపోగానే అరచేతిని ఒకసారి నిమిరి తుడిచేయాలి. సగం మాట రాసేసరికే మిగతాది ఆమే చెప్పేస్తుంది. తప్పు చెబితే వేలితో రెండుసార్లు పొడవాలి. నాకు ఇది మొదటి వారంలోనే పట్టుబడింది. నా అక్షరాలు కోడి గీకినట్టు ఉంటాయని ఆమె ఇప్పటికీ అంటుంది.

షాపు పక్క హాల్లో అచ్చు మిషన్లు తిరుగుతుంటాయి. మా షాపు కింద కాగితాల గోడౌను ఉంది కాబట్టి పైన మాకు పాతకాలపు చెక్కల నేల. కాగితాల బండి తోసుకొస్తున్నవాళ్ళు ఆ చెక్కలను రెండుసార్లు గట్టిగా తొక్కాలి. ఆ అదురు సూదక్క అరికాళ్ళకు తెలుస్తుంది, కాళ్ళు లోపలికి తీసుకుంటుంది. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. కొత్తగా చేరినవాళ్ళకు టీ ఎక్కడ దొరుకుతుందో చెప్పే ముందు ఇది చెబుతాం.

మా యజమాని పెద్దాయనకు ఒంట్లో బాగుండక షాపు అల్లుడికి అప్పగించాడు. అల్లుడుగారు చెడ్డవాడేమీ కాదు. శుభ్రం అంటే ప్రాణం, అంతే. వచ్చీరాగానే పాత చెక్కల మీద సిమెంటు పోయించి నున్నటి తెల్ల పలకలు పరిపించాడు. అద్దంలా ఉందని అందరం మెచ్చుకున్నాం. నేనైతే చెప్పులు విప్పి మరీ నడిచాను.

తర్వాత ఒక రోజు జిగురు బండి నిండా అట్టలు వేసుకుని వచ్చాడు. అలవాటు ప్రకారం రెండుసార్లు తొక్కాడు కూడా. బండి చక్రం సూదక్క చీలమండ మీదికి ఎక్కింది, పైనున్న అట్టలు ఆమె వీపు మీద పడ్డాయి. ఆమె కేక వేయలేదు. "ఎవడ్రా?" అంది. కాలు వాచి వారం రోజులు మంచం దిగలేదు.

ఆమె తిరిగి వచ్చిన రోజే అల్లుడుగారు ఆమె తమ్ముడిని పిలిపించాడు. తమ్ముడు మోటారు మెకానిక్. వాళ్ళ ఇంట్లో కింద వాటాలో పెళ్ళాం పిల్లలతో అతను ఉంటాడు, పైన ఒంటి గదిలో సూదక్క ఉంటుంది. అల్లుడుగారు అతనితో, "ఆవిడకి చూపు, వినికిడి రెండూ కలిపి రోజువారీ పనుల్లో ఎంత ఇబ్బంది ఉందో కొలిచి చెప్పే చోటు ఒకటుందట. కొలిపించుకుని కాగితం తీసుకురండి. ఇక్కడ పనిచేయొచ్చని ఉంటే సరే. లేకపోతే ఇంట్లో కూర్చోబెట్టండి. రేపు ఇంకేదైనా జరిగితే నా మెడకి చుట్టుకుంటుంది" అన్నాడు.

తమ్ముడు తల ఊపాడు. ఆ ఊపడం నాకు నచ్చలేదు. అక్కను ఇంట్లో కూర్చోబెట్టే వంక దొరికినందుకు లోపల్లోపల సంతోషిస్తున్న మొహం అది. అతనికి అక్కంటే ప్రాణమే, కాదనను. కానీ ప్రాణంగా చూసుకునేవాళ్ళు పక్కనవాళ్ళను ఊపిరాడనివ్వరు. అలాంటి మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

విషయం సూదక్క అరచేతిలో రాసింది నేనే. మొత్తం రాశాను, ఇంట్లో కూర్చోబెట్టండి అన్నదానితో సహా. ఆమె దారానికి మైనం రుద్దింది.

"ఇంట్లో కూర్చుని ఏం చేయాలట? కనపడని కిటికీ ముందు కుర్చీ వేసుకుని, వినపడని టీవీ చూడాలా?" అంది. ఆమె గొంతు ఎంత పైకి లేస్తుందో ఆమెకు తెలియదు. అల్లుడుగారి అద్దాల గదిలోకి కూడా వినిపించే ఉంటుంది. "పద మడతా, నువ్వూ రా. కొలవనీ. నేనేం గుడ్డ ముక్కనా తగ్గిపోవడానికి?"

ఆ చోట మూడు గదులు. మొదటి గదిలో కళ్ళు చూశారు. డాక్టరుగారు, "చూపు సగానికి పైగా పోయింది, కానీ ఫరవాలేదు. ఇలాంటివాళ్ళు చెవులతో నెట్టుకొచ్చేస్తారు" అన్నాడు. రెండో గదిలో చెవులు చూశారు. అక్కడాయన, "వినికిడి తక్కువే, కానీ మధ్యరకం. పెదవులు చూసి అర్థం చేసుకోవడం నేర్చుకుంటే సరిపోతుంది" అన్నాడు. రెండూ నేను పూసగుచ్చినట్టు అరచేతిలో రాశాను. సూదక్క పకపకా నవ్వింది. "ఆ ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టు, ఒకాయన కళ్ళకి గంతలు, ఇంకొకాయన చెవుల్లో దూది. కాదు, ఇద్దరికీ రెండూ" అంది.

మూడో గదిలో ఒక అమ్మాయి ఉంది. చిన్నదే కానీ మాట పొదుపు, చూపు చురుకు. ఆమె పని యంత్రాలతో కాదు. వంట, నడక, బజారు, పని, నలుగురితో మాట, ఒక్కొక్కటీ అడిగి, ఎంత కష్టమో ఒకటి నుంచి ఐదు వరకు గుర్తు పెడుతుంది. అరచేతిలో రాయడానికి పక్కన ఒక్కరే కూర్చోవాలంది. తమ్ముడు కూర్చున్నాడు. నన్ను తలుపు పక్క బల్ల మీదికి పంపారు.

"సొంతంగా వంట చేసుకుంటారా?"

"ఎక్కడమ్మా, మేమే పైకి పంపిస్తాం" అన్నాడు తమ్ముడు.

పచ్చి అబద్ధం. అతని పెళ్ళాం జ్వరంతో పడుకున్నప్పుడు ఆ ఇంటిల్లిపాదికీ వండి పంపింది సూదక్క.

"ఒంటరిగా బయటికి వెళ్తారా?"

"అమ్మో! పాపం, ఎలా వెళ్తుంది?"

"ఆవిడని అడిగి చెప్పండి" అంది అమ్మాయి.

"మా అక్కేగా, నాకు తెలియదా? ఇవన్నీ అడిగి ఆమెను బాధపెట్టడం ఎందుకమ్మా? మొన్ననే కాలు విరిగేంత పనైంది. ఇక పని వద్దనే రాయండి."

సూదక్క అరచెయ్యి బల్ల మీద వెల్లకిలా పరిచి ఉంది. ప్రశ్న ఎప్పుడు వచ్చి పడుతుందా అని వేళ్ళు కొంచెం విప్పి పెట్టుకుంది. ఆ అరచేతిలో ఒక్క అక్షరమైనా పడలేదు. లేచి వెళ్ళి అతని చెవి మెలిపెడదామని నేను బల్ల దిగేలోపే సూదక్క రెండో చెయ్యి లేచింది. తమ్ముడి భుజం దొరికింది, మెడ దొరికింది. వేళ్ళు గొంతు మీద ఆనించి అలాగే ఉంచింది. అతను మాట మధ్యలో ఉన్నాడు.

"నీ గొంతు ఆడుతోంది. నా చెయ్యి ఖాళీగా ఉంది. ఇక్కడ ఎవర్ని కొలుస్తున్నారు, నన్నా నిన్నా?" అంది సూదక్క.

వసారాలో నడుస్తున్న మనుషులు ఆగి తొంగి చూశారు.

"లే. మడతని కూర్చోనీ. మొదటి ప్రశ్న నుంచి మళ్ళీ మొదలు. ఒక్కటి వదిలినా నేను ఒప్పుకోను."

ఆ అమ్మాయి అప్పటిదాకా రాసిన కాగితాన్ని అడ్డంగా కొట్టేసి పక్కన పడేసి కొత్తది తీసుకుంది. లేచి ఫ్యాను ఆపేసింది, తలుపు మూసింది. బల్ల మీద లైటును తన మొహం మీద పడేలా తిప్పుకుంది. కుర్చీ జరుపుకుని సూదక్కకు ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుని, "ఇప్పుడు అందుతోందా?" అని నిదానంగా అడిగింది.

"అందుతోంది" అంది సూదక్క. ఆ ఒక్కదానికే నాకు ఆ పిల్ల మీద గౌరవం కలిగింది. అందని మాటలు నేను అరచేతిలో రాశాను.

వంట? చేస్తా. బజారు? వెళ్తా. రోడ్డు? దాటుతా. ప్రతిదానికీ గడ్డం పైకెత్తి జవాబు. ఎవరో కుస్తీకి పిలిచినట్టుంది వరస. అమ్మాయి గుర్తు పెట్టకుండా పెన్ను పక్కన పెట్టింది.

"అక్కా, చేస్తారా లేదా అని కాదు నేను కొలిచేది. చేస్తే ఎంత అలసట, ఎంత భయం, ఎంతమంది సాయం అని. మీరు అన్నిటికీ కష్టమే లేదంటే, రేపు మీకు ఏది కావాలన్నా అవసరం లేదంటారు. చేయలేనంటే పని మానమంటారు. ఎటూ కాకుండా ఉన్నదున్నట్టు చెప్పండి."

నేను రాసింది పూర్తయ్యాక కూడా సూదక్క చెయ్యి తీసుకోలేదు. "రోడ్డు దాటుతా. దాటాక ఒళ్ళంతా చెమట. మూడు పెట్టుకో" అంది. అక్కడి నుంచి జవాబులు మారాయి. ఒప్పుకోవాల్సింది వచ్చిన ప్రతిసారీ మూతి ముడిచి, దాన్ని కూడా పోట్లాడినట్టే చెప్పింది.

"నలుగురు ఉన్నచోట ఏం జరుగుతోందో మీకు తెలుస్తుందా?"

"షాపులోనా, ఇంట్లోనా?"

"రెండూ చెప్పండి."

"షాపులో తెలుస్తుంది. పక్కన మిషన్లు తిరుగుతుంటే అక్కడ అందరికీ చెవుడే. ఎవరికి ఏం చెప్పాలన్నా దగ్గరికొచ్చి భుజం తట్టాల్సిందే. కత్తి బావని తట్టి సైగ చేస్తారు, నన్ను తట్టి చేతిలో రాస్తారు. అంతే తేడా. ఒకటి పెట్టుకో. పోనీ రెండు."

"ఇంట్లో?"

నేను రాశాక ఆమె వేళ్ళు నా వేలి చుట్టూ ముడుచుకున్నాయి. తమ్ముడు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అతను అక్కడే ఉన్నాడని ఆమెకు తెలుసు.

"ఆదివారం తమ్ముడింట్లో భోజనానికి పిలుస్తారు. మంచివాళ్ళే, నా కంచంలో అన్నీ ముందే వడ్డిస్తారు. టీవీ పెడతారు, అందరూ ఒకేసారి మాట్లాడతారు. ఉన్నట్టుండి బల్ల అదురుతుంది. అంటే నవ్వుతున్నారు. ఏంటని అడుగుతా. 'ఏం లేదులే అక్కా' అని రాస్తాడు. పిల్లలు ఎదిగారు, వాళ్ళ గొంతులు మారాయంట. ఏం మాట్లాడతారో, దేనికి నవ్వుతారో ఒక్కటీ తెలియదు. నన్ను చూసి బాధపడతారని వాళ్ళతో పాటు నేనూ నవ్వుతా. ఎందుకో తెలియకుండా నవ్వి నవ్వి పైకొచ్చి పడుకుంటే దవడలు నొప్పి. దానికి ఎన్ని పెడతావు?"

"ఐదు. అది పెద్ద కష్టం కిందే లెక్క" అంది అమ్మాయి.

"పెట్టు. ఐదుకి పైన ఉంటే అదీ పెట్టు. ఇప్పుడు చెప్పు, నన్ను ఎక్కడ కూర్చోబెడదామంటున్నారు వీళ్ళు?"

తమ్ముడు మొహం చేతులతో కప్పుకున్నాడు. అప్పటిదాకా అతన్ని తిట్టుకున్న నాకే జాలేసింది. ఇంట్లో ఉంటే అక్క క్షేమంగా ఉంటుందనుకున్న మనిషి, ఆమెకు అన్నిటికన్నా బరువైన చోటు తన భోజనాల బల్లేనని ఆ గదిలో మొదటిసారి విన్నాడు.

అమ్మాయి, "షాపులో అంత బాగా తెలిస్తే మొన్న బండి వచ్చినప్పుడు ఎందుకు తెలియలేదు?" అని అడిగింది.

"నా పొరపాటు" అంది సూదక్క వెంటనే.

"ఇంతకుముందు ఎప్పుడైనా జరిగిందా?"

"లేదు."

"అయితే ఈమధ్య అక్కడ ఏం మారింది?"

ఆ తెల్ల పలకల మీద నేను చెప్పులు విప్పి నడిచింది గుర్తొచ్చి, రాయాల్సిన వేలు ఆగిపోయింది.

"నేల. ఇదివరకు చెక్కలు పలికేవి. ఇప్పుడు అది బండరాయి. ఎవరెంత తొక్కినా నా కాళ్ళకి రాదు. వేసిన మొదటి రోజే తెలిసింది నాకు" అంది సూదక్క.

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఏమంటాడు కొత్తాయన? నీ కోసం నేల తవ్వించాలా, ఇంటికి పో అంటాడు. అందుకే బండి గాలి తగిలినప్పుడు కాళ్ళు లాక్కుంటూ నెట్టుకొచ్చా. అట్టల బరువుకి ఆరోజు బండి మెల్లగా వచ్చింది, గాలి తగల్లేదు."

అమ్మాయి కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. కళ్ళకు గడి ఉంది, చెవులకు గడి ఉంది, అరికాళ్ళకు లేదు. అడుగున ఖాళీగా ఉన్న చోట చేత్తో రాసింది. రాసింది పైకి చదివి వినిపించి, సరేనా అని సూదక్కను అడిగింది. సూదక్క రెండు మాటలు మార్పించింది.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం అల్లుడుగారి ముందు నిలబడ్డాం. ఆయన కాగితం పైపైన చూశాడు. ఒక మాట దగ్గర వేలు ఆగింది. "చూపు, వినికిడి కలిపి చూస్తే తీవ్రమైన ఇబ్బంది అని ఉందిగా. ఇక మాట్లాడేదేముంది? ఆవిడకి చెప్పండి" అన్నాడు తమ్ముడితో.

తమ్ముడు సూదక్క చేతిని అందుకోలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. "నేను చెప్పనండి. నేను చెబితే సగం మింగేస్తానని తెలిసింది. చెప్పాల్సింది ఉంటే మీరే చెప్పండి" అన్నాడు. అతనిలో ఆ మాట ఉందని నేననుకోలేదు.

అల్లుడుగారు నా వైపు చూశాడు. నేను పైకప్పు చూశాను. సూదక్కకు ఏం తెలిసిందో ఏమో, అరచెయ్యి ఆయన ముందుకు చాపింది.

"రాయండి. కింద రాసింది కూడా చదివి మరీ రాయండి" అంది.

ఆయన కింద రాసింది చదవక తప్పలేదు. కుట్టు పని చేయగలదు. పెద్ద లైటు కావాలి. కూర్చునే చోటు కింద, బండి నడిచే దారిలో చెక్కలు ఉండాలి. నేల మార్చడం వల్లే ప్రమాదం జరిగింది. చదువుతుంటే మెడ ఎర్రబడింది. ఆయన వేలు ఆమె చేతిలో ఆనింది. అక్షరం మీద అక్షరం రాసేశాడు.

"అన్నీ ఒకచోటే కుక్కితే ఎలా తెలుస్తుందండీ? తుడిచి మళ్ళీ రాయండి" అంది సూదక్క.

ఆయన చెమటలు కక్కుతూ అరచెయ్యి నిమిరి, మళ్ళీ మొదలుపెట్టాడు. కత్తి బావ మెషిన్ ఆపేశాడు. జిగురు గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఒక్కో అక్షరం ఆమె పైకి చదువుతోంది, కాబట్టి అందరికీ వినపడింది.

"ఒక... నెల... చూద్దాం."

సూదక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. చీర కొంగుతో అరచెయ్యి తుడుచుకుంది.

"మీ మామగారి జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి ఆ స్టూలు మీద కూర్చున్నాను. మీరొచ్చి ఇంకా రెండు నెలలు నిండలేదు. ఆ నెల గడువు నాకెందుకు? మీరే ఉంచుకోండి. ఈలోగా నేల సంగతి చూడండి" అని, బల్లల అంచులు తడుముకుంటూ తన చోటికి వెళ్ళి కూర్చుని, నేను మడిచి పెట్టిన మొదటి ఫారం అందుకుంది.

ఆమె సూది దింపింది. అల్లుడుగారు కాగితం జేబులో పెట్టుకుని, తెల్ల పలకల మీద కాలితో ఒకసారి గట్టిగా తొక్కి చూశాడు. సూదక్క తల ఎత్తలేదు. ఇంకోసారి తొక్కాడు. తర్వాత కత్తి బావ భుజం తట్టి, కొలిచే టేపు తెమ్మని సైగ చేశాడు.